డియెగో రివేరా ‘పూలు మోసేవాడు’ బొమ్మ: కూలి కష్టాన్ని అందంగా చూపించాడా, ఉన్నది ఉన్నట్టు చూపించాడా?

గోదారిగట్టు:

అందరికీ నమస్తే. మెక్సికో చిత్రకారుడు డియెగో రివేరా గురించి ఇక్కడ ఎవరికైనా బాగా తెలుసేమోనని అడుగుతున్నా. ఆయన 1935లో వేసిన ‘పూలు మోసేవాడు’ అనే బొమ్మ ఇక్కడ శాన్‌ఫ్రాన్సిస్కో మోడరన్ ఆర్ట్ మ్యూజియం వాళ్ళది. పోస్టర్లుగా చాలాచోట్ల అమ్ముతారు కాబట్టి పేరు తెలియకపోయినా బొమ్మ మీలో చాలామంది చూసే ఉంటారు. తెల్లబట్టలు, పసుపుపచ్చ టోపీ, ఒక మనిషి చేతులూ మోకాళ్ళూ నేలకి ఆనించి ఉంటాడు. వీపు మీద అతనికంటే వెడల్పైన గంప, దాని నిండా గులాబీ రంగూ ఊదా రంగూ కలిసినట్టుండే పూలు. గంపని కట్టిన పసుపు గుడ్డ ఛాతీ మీద ముడేసి ఉంటుంది. వెనక ఒకావిడ వంగి గంపని సర్దుతూ ఉంటుంది. అంతే బొమ్మ.

మొదట కళ్ళు పూల మీదికే పోతాయి, రంగులు అంత బాగుంటాయి. ఆ తర్వాత మొహం చూస్తే, చూపు నేలకి వాలిపోయి, లేస్తాడా లేవలేడా అన్నట్టు ఉంటాడు. అన్ని పూలు మోస్తున్నవాడికి అందులో ఒక్క పువ్వు కూడా కనపడదు. రివేరా ఇదంతా ఆలోచించే వేశాడా? లేకపోతే కష్టాన్ని కూడా అందంగా వేస్తే కొనేవాళ్ళు ఉంటారని వేశాడా?

మా ఇంట్లో దీని మీద పెద్ద వాదనే నడుస్తోంది. మావారు అనేదేంటంటే, ఈయన కమ్యూనిస్టునని చెప్పుకుంటూనే డెట్రాయిట్‌లో ఫోర్డ్ కుటుంబం డబ్బుతో గోడల మీద బొమ్మలు వేశాడు, న్యూయార్క్‌లో రాక్‌ఫెల్లర్ల పని ఒప్పుకున్నాడు, అలాంటివాడు వేసిన కూలివాళ్ళ బొమ్మల్ని ఎందుకు నమ్మాలి అని. నాకు జవాబు తెలియలేదు కానీ ఒప్పుకోబుద్ధి కూడా కాలేదు. జెండాలూ పిడికిళ్ళూ ఉన్న బొమ్మలు కాకుండా, మామూలు రోజున మామూలు మనుషులు పని చేసుకునే బొమ్మలు ఆయనవి ఎక్కడ ఉన్నాయో, వాటిలో ఏం చూడాలో చెప్పండి.

—

ఎర్రమట్టి:

గోదారిగట్టు గారూ, మీరడిగిన మామూలు రోజు పని బొమ్మలు కావాలంటే మెక్సికో సిటీలో విద్యామంత్రిత్వ శాఖ భవనం చూడాలి. మిగతావన్నీ దాని తర్వాతే అని నా అభిప్రాయం.

కొంచెం వెనక్కి వెళ్తాను. రివేరా 1886లో గ్వానాహ్వాతోలో పుట్టాడు, అది వెండి గనుల ఊరు. 1907లో యూరప్ వెళ్ళి, మధ్యలో ఒకసారి ఇంటికి వచ్చిపోవడం తప్ప 1921 దాకా అక్కడే ఉన్నాడు, పారిస్‌లో క్యూబిజం పద్ధతిలో, అంటే వస్తువుల్ని కోణాల ముక్కలుగా విడగొట్టి వేశాడు. ఈలోగా ఇంటి దగ్గర పదేళ్ళ విప్లవం జరిగిపోయింది. తిరిగి రాకముందు ఇటలీ తిరిగి పాత చర్చిల గోడల మీది ఫ్రెస్కోలు చూసి నోటుపుస్తకాల నిండా గీసుకున్నాడు. అప్పటి విద్యామంత్రి హోసే వాస్కొన్సెలోస్ ప్రభుత్వ భవనాల గోడల్ని చిత్రకారులకి అప్పగించాడు. చదువురాని జనం ఎక్కువగా ఉన్న దేశంలో గోడ మీద బొమ్మ అందరికీ అందుతుందని ఆయన లెక్క.

ఆ భవనంలో 1923 నుంచి 1928 దాకా రివేరా వేసిన ప్యానెళ్ళు 200కి పైగా ఉన్నాయి. రెండు పెద్ద ముంగిళ్ళు, చుట్టూ మూడంతస్తుల వరండాలు. ఒక ముంగిలి మొత్తం పనికి, ఇంకోటి పండగలకి. పని ముంగిలిలో కింది అంతస్తులో నడుస్తూ పోతే నేతగాళ్ళు, బట్టలకి రంగులద్దేవాళ్ళు, చెరకు గానుగ దగ్గర బెల్లం పాకం కలిపేవాళ్ళు, కొలిమి పనివాళ్ళు, గని కార్మికులు ఇలా వరసగా వస్తారు. మరీ ఎత్తులో ఏమీ ఉండవు, పక్కన నిలబడి చూసినట్టే ఉంటుంది. ఆ వరండాల్లోంచే గుమస్తాలు ఫైళ్ళు పట్టుకుని తిరిగేవాళ్ళు.

గని బొమ్మలు రెండు. ఒకటి గనిలోకి దిగడం, రెండోది బయటికి రావడం. మొదటిదాంట్లో మనుషులు దుంగలూ పనిముట్లూ భుజాన వేసుకుని చీకట్లోకి దిగుతుంటారు, సిలువ మోస్తున్నట్టే ఉంటుంది. రెండోదాంట్లో ఒక కార్మికుడు పైకి వచ్చి రెండు చేతులూ బారచాచి నిలబడి ఉంటాడు, తనిఖీవాడు ఒళ్ళంతా తడిమి చూస్తుంటాడు, వెండి రాయి ఏమైనా దాచుకున్నాడేమోనని. వెనక ఇంకొకడు నిచ్చెన మీద పైకి వస్తుంటాడు, వాడి వంతు కూడా వస్తుందన్నమాట. కొరడా లేదు, రక్తం లేదు. రోజూ షిఫ్టు అయిపోయాక జరిగే పని అది. అలా చేతులు చాచి నిలబడినవాడిని చూస్తే ఆ దేశంలో ప్రతి ఒక్కరికీ సిలువ మీది యేసే గుర్తొస్తాడు. రివేరా ఎక్కడా ఆ మాట రాయలేదు, తనిఖీ చేసేటప్పుడు మనిషి ఎలా నిలబడతాడో అలా నిలబెట్టాడు, అంతే. ఆ బొమ్మ మీద కార్మికుణ్ణి రెచ్చగొట్టేలా వేరే కవి కవిత ఒకటి కూడా రాశాడు, దాని మీద పత్రికల్లో గొడవై తీసేయాల్సి వచ్చింది. నన్నడిగితే కవిత పోయినా బొమ్మకి వచ్చిన నష్టం ఏమీ లేదు.

అక్కడే ‘పల్లెటూరి పంతులమ్మ’ అని ఇంకోటుంది, అది నాకు ఇంకా ఇష్టం. పంతులమ్మ నేల మీద కూర్చుని ఉంటుంది, చుట్టూ గుండ్రంగా పిల్లలూ పెద్దవాళ్ళూ. వెనక పొలంలో దుక్కి దున్నుతుంటారు, పక్కన తుపాకీ పట్టుకుని గుర్రం మీద ఒకడు కాపలా. బడికి కాపలా ఎందుకంటే అప్పట్లో భూములు పంచడాన్నీ బళ్ళు పెట్టడాన్నీ ఎదిరించేవాళ్ళు నిజంగానే ఉండేవాళ్ళు.

మీ పూల బొమ్మకి వస్తే, ఆ మనిషి మోకాళ్ళ మీద ఎందుకున్నాడు అని ఆలోచించండి. పడిపోలేదు. అంత బరువున్న గంపని వీపుకి ఎత్తుకోవాలంటే ముందు నేల మీదికి వంగాలి, గుడ్డ ముడేసుకోవాలి, వెనక నుంచి ఎవరో ఒకరు ఎత్తిపెట్టాలి, అప్పుడు లేవాలి. మెక్సికోలో మోతకూలీలు వందల ఏళ్ళుగా బరువులు వీపు మీదే మోశారు, నుదుటికి పట్టీ వేసుకుని గానీ ఛాతీకి గుడ్డ కట్టుకుని గానీ. ఆ ఒక్క క్షణాన్ని ఎంచుకోవడంలోనే మీ ప్రశ్నకి సగం జవాబు ఉంది. అందం కోసమే వేసేవాడైతే పూలగంపతో నిలబడి నడిచిపోయే మనిషిని వేసేవాడు.

—

నోవై_తెలుగు:

డెట్రాయిట్ మాట వచ్చింది కాబట్టి నేను చెప్తాను. మేముండేది నోవైలో, ఇక్కడి నుంచి డెట్రాయిట్ ఆర్ట్ మ్యూజియం కారులో దగ్గరే. ఈ చుట్టుపక్కల కార్ల కంపెనీల్లో, వాటికి సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీల్లో మన తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు కానీ ఆ మ్యూజియంకి వెళ్ళినవాళ్ళు తక్కువ. దయచేసి వెళ్ళండి.

మధ్య హాలు నాలుగు గోడలూ రివేరావే, మొత్తం 27 ప్యానెళ్ళు. 1932 ఏప్రిల్‌లో ఇక్కడికి వచ్చి, మొదటి కొన్ని నెలలు ఒక్క గోడ కూడా ముట్టుకోకుండా రూజ్ నది పక్కనున్న ఫోర్డ్ కర్మాగారంలో తిరుగుతూ వందలకొద్దీ స్కెచ్‌లు వేసుకున్నాడు. పెయింటింగ్ 1932 జులైలో మొదలై 1933 మార్చిలో అయిపోయింది. ముందు రెండు పెద్ద ప్యానెళ్ళే అనుకున్నారు, ఆయనే హాలంతా వేస్తానన్నాడు. డబ్బు ఇచ్చింది హెన్రీ ఫోర్డ్ కొడుకు ఎడ్సెల్ ఫోర్డ్, 20 వేల డాలర్ల పైన.

ఉత్తరం గోడ మీద ఉన్నది అప్పుడే కొత్తగా వచ్చిన వీ8 ఇంజన్ తయారీ. పైన కొలిమి, ఎర్రటి మంట, కింద ఇంజన్ బ్లాకులకి రంధ్రాలు వేసే యంత్రాలు, కన్వేయర్ల వరసలు, వాటి మధ్య మనుషులు. దక్షిణం గోడ మీద కారు బాడీ తయారీ, చివరి అసెంబ్లీ. అక్కడ కుడివైపు ఒక పెద్ద స్టాంపింగ్ ప్రెస్ ఉంటుంది, దాన్ని పాతకాలం మెక్సికోని ఏలిన ఆజ్టెక్‌ల దేవత కోట్లిక్వే విగ్రహంలా మలిచాడు. నేను చేసేది మాన్యుఫాక్చరింగ్‌లోనే కాబట్టి నాకు నచ్చేది వేరే. మనుషుల కాళ్ళు చూడండి. లాగేవాళ్ళు, తోసేవాళ్ళు, ఇద్దరు ఒకేసారి ఒకే బరువుని కదిపేవాళ్ళు, ప్రతి ఒక్కరి కాళ్ళూ నడుమూ ఆ పనికి ఎలా ఉండాలో అలాగే ఉంటాయి. ఒక్కడే హీరోగా నిలబడిపోడు. అందరూ పక్కవాడి వేగంతో కట్టేసినట్టు వంగుతుంటారు, అసెంబ్లీ లైన్ అంటే అదే కదా. వాళ్ళని గమనిస్తూ ఒక ఫోర్‌మన్ మొహం గంటుపెట్టుకుని నిలబడి ఉంటాడు. ఫ్యాక్టరీకి టూరిస్టుల్లా వచ్చి చూస్తున్న డబ్బున్నవాళ్ళని కూడా అదే గోడలో వేశాడు, వాళ్ళెవరూ పని చేసేవాడి మొహంలోకి చూడరు.

అన్నిటికంటే అడుగున చిన్న చిన్న ప్యానెళ్ళున్నాయి, బూడిద రంగులో. ఎక్కువమంది వాటిని వదిలేసి పైకి చూసుకుంటూ వెళ్ళిపోతారు. గోదారిగట్టు గారు అడిగింది అవే. కార్మికుడి ఒక రోజు మొత్తం వరసగా ఉంటుంది: పొద్దున్నే టైమ్ కార్డు కొట్టించుకోవడం, మధ్యాహ్నం తిండి, జీతం పుచ్చుకోవడం, సాయంత్రం వంతెన దాటి కార్ల పార్కింగ్ వైపు వెళ్ళిపోవడం.

ఒక విషయంలో మాత్రం ఆయన గోడ నిజం చెప్పదు. బొమ్మలో నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ లైన్ మీద పక్కపక్కనే పని చేస్తుంటారు. అప్పట్లో రూజ్ ప్లాంట్‌లో నల్లజాతి కార్మికుల్లో ఎక్కువమందిని పెట్టింది ఫౌండ్రీలో, అన్నిటికంటే వేడీ ప్రమాదమూ ఉన్న చోట. ఇంకోటి, ఆయన రావడానికి నెల ముందే, 1932 మార్చి 7న, పని పోయినవాళ్ళు ఆకలి యాత్రగా రూజ్ ప్లాంట్ గేటు దాకా వెళ్తే పోలీసులూ కంపెనీ గార్డులూ కాల్పులు జరిపారు. అక్కడే నలుగురు చనిపోయారు, తర్వాత ఇంకొకరు. గోడ మీద దాని జాడే లేదు. ఊళ్ళో అందరూ దాని గురించే మాట్లాడుకుంటున్న రోజులు, ఆయనకి తెలియక కాదు. మీవారి అనుమానానికి బలమైన ఆధారం ఏదైనా ఉందంటే అది ఇదే అనుకుంటాను.

—

పాలపిట్ట:

నేను మీవారి పక్షం గోదారిగట్టు గారూ.

రివేరా పెద్ద చిత్రకారుడు, అందులో అనుమానం లేదు. కానీ గోడల మీది రివేరా వేరు, ఈజిల్ మీద, అంటే స్టాండు మీద పెట్టి అమ్మకానికి వేసే బొమ్మల రివేరా వేరు. ఆ పూల బొమ్మలు ఎవరి కోసం వేశాడో చూడండి. ‘పూల రోజు’ అని 1925లో వేసినదానికి లాస్ ఏంజెలెస్‌లో బహుమతి వచ్చింది, అక్కడి మ్యూజియమే కొనుక్కుంది. ‘సాంతా అనీతా పూల పండగ’, 1931, న్యూయార్క్ మోడరన్ ఆర్ట్ మ్యూజియంలో ఉంది. మీరు చూసిన ‘పూలు మోసేవాడు’ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆల్బర్ట్ బెండర్ అనే సేకర్త ద్వారా మ్యూజియంకి చేరింది. ఒక్కటి బాగా అమ్ముడుపోయాక పూలగంప, గుండ్రటి వీపు, వంచిన తల, జడలు, ఇవే మళ్ళీ మళ్ళీ 1940ల్లో కూడా వస్తూనే ఉన్నాయి. మొహాలు చూడండి, ఒకరికీ ఇంకొకరికీ తేడా ఉండదు. మనిషికి పేరు లేదు, కోపం లేదు, అడిగే ప్రశ్న లేదు. అలాంటి పేదవాణ్ణి గోడకి తగిలించుకోవడానికి ఎవరికీ ఇబ్బంది ఉండదు.

ఈ మాట నా సొంతం కాదు, ఆయన తోటివాళ్ళే అన్నారు. ఇంకో మెక్సికో గోడచిత్రకారుడు సికెయిరోస్ 1934లో ఒక అమెరికన్ వామపక్ష పత్రికలో రివేరా మీద పెద్ద వ్యాసమే రాశాడు, టూరిస్టులకి నచ్చే మెక్సికోని వేస్తాడని. ఇక మూడో పెద్ద గోడచిత్రకారుడు ఒరోస్కో వేసిన పనివాళ్ళూ సైనికులూ చూడండి, ‘కందకం’ అని 1926 నాటిది ఒకటుంది, చూశాక ఇంటి గోడ మీద పెట్టుకోవాలని ఎవరికీ అనిపించదు. నాకు ఒరోస్కోనే నిజాయితీపరుడు.

1929లో పార్టీ రివేరాని బయటికి పంపేసింది. అదే ఏడాది క్వెర్నవాకాలో కోర్టెస్ భవనం గోడలు మొదలుపెట్టాడు, డబ్బులిచ్చింది అమెరికా రాయబారి డ్వైట్ మారో. ఆ గోడ మీద చెరకు తోటల్లో వెట్టిచాకిరీ, తెల్లగుర్రం కళ్ళెం పట్టుకుని నిలబడ్డ విప్లవకాలపు రైతు నాయకుడు జపాటా. డబ్బు మాత్రం వాషింగ్టన్ మనిషిది. ఆ వైరుధ్యం ఆయన జీవితమంతా ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయలేం.

—

సున్నం_ఇటుక:

పాలపిట్ట గారూ, ఈజిల్ బొమ్మల మీద మీరన్నదాంట్లో చాలావరకు ఒప్పుకుంటాను. డబ్బు విషయంలో మాత్రం కాదు. నేను ఫైన్ ఆర్ట్స్ పిల్లలకి మ్యూరల్ నేర్పుతాను, ఫ్రెస్కో పని ఎలా జరుగుతుందో తెలిస్తే ఈ చర్చ కొంచెం మారుతుందని నా నమ్మకం.

ఫ్రెస్కో అంటే ఎండిన గోడ మీద రంగు పూయడం కాదు. తడి సున్నం మీద, నీళ్ళలో నూరిన ఖనిజ రంగులతో వెయ్యాలి. సున్నం ఆరేటప్పుడు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని మళ్ళీ సున్నపురాయిగా మారుతుంది, రంగు ఆ రాతిలో ఇరుక్కుపోతుంది. అందుకే వందల ఏళ్ళు నిలుస్తుంది. కష్టమేంటంటే ఆ తడి కొన్ని గంటలే ఉంటుంది. ఆ రోజుకి ఎంత వెయ్యగలమో అంత మేరకే మేస్త్రీ ఆఖరి పూత పెట్టాలి. రివేరా దగ్గర ఈ పూత పని రాత్రంతా నడిచేది, తెల్లవారేసరికి గోడ సిద్ధం, ఆయన పరంజా ఎక్కితే వెలుతురు పోయేదాకా దిగేవాడు కాదు. వేసింది నచ్చకపోతే దిద్దడానికి లేదు, ఆ ముక్క మొత్తం గీకేసి మర్నాడు మళ్ళీ పూత పెట్టి మొదట్నుంచీ వెయ్యాలి.

విద్యామంత్రిత్వ శాఖ గోడల మీద మొదట్లో రంగులో నోపాల్ అనే నాగజెముడు జాతి మొక్క రసం కలిపి చూశారు, పాతకాలం మెక్సికో పద్ధతి అని. అది పులిసి మరకలు పడటంతో మానేశారు. ఈ ప్రయోగాల్లో ఆయనకి తోడుగా ఉన్నది హావియర్ గెరేరో, రంగులు వేసేవాళ్ళ కుటుంబం నుంచి వచ్చిన మనిషి, పనితనం అంతా చేతుల్లోనే నేర్చుకున్నవాడు. అప్పుడు వీళ్ళకి ఇచ్చిన కూలి చదరపు మీటరు లెక్కన. 1922లో చిత్రకారులంతా కలిసి పెట్టుకున్న సంఘం పేరు కూడా ‘సాంకేతిక కార్మికులు, చిత్రకారులు, శిల్పుల సంఘం’. వాళ్ళు తమని కార్మికులుగా లెక్క వేసుకున్నారు, ఆ పని చూస్తే ఆ లెక్క తప్పనిపించదు.

గోదారిగట్టు గారూ, మీ ఊళ్ళోనే దీనికి సాక్ష్యం ఉంది. 1931లో శాన్‌ఫ్రాన్సిస్కో ఆర్ట్ కాలేజీ గోడ మీద వేసిన ఫ్రెస్కో, నగరం ఎలా కడతారో చూపించే ఫ్రెస్కోనే ఎలా వేస్తారో చూపించే బొమ్మ. గోడంతా పరంజా కట్టినట్టు గళ్ళుగళ్ళుగా ఉంటుంది, మధ్యలో ఒక పెద్ద కార్మికుడు, చుట్టూ గళ్ళలో ఉక్కు పనివాళ్ళు, ఇంజనీర్లు, డ్రాయింగులు గీసేవాళ్ళు. మధ్య పరంజా మీద రివేరా మనవైపు వీపు పెట్టి కూర్చుని ఉంటాడు, చేతిలో కుంచె, పక్కన పూత పెట్టేవాళ్ళు. తనని తాను మొహం కనపడకుండా, పనిలో ఉన్నవాళ్ళలో ఒకడిగా వేసుకున్నాడు.

ఇక ఎవరి డబ్బు అన్న ప్రశ్న. గోడ కావాలంటే గోడ ఉన్నవాడే ఇవ్వాలి, అది ప్రభుత్వమో చర్చో ఫ్యాక్టరీ యజమానో. డబ్బిచ్చినవాడి మాట విన్నాడా అన్నది చూడాలి నేనైతే. 1933లో రాక్‌ఫెల్లర్ సెంటర్ గోడలో లెనిన్ మొహం తీసెయ్యమన్నారు, తీయనన్నాడు. డబ్బు మొత్తం చేతిలో పెట్టి పరంజా మీంచి దించేశారు, 1934 ఫిబ్రవరిలో గోడ పగలగొట్టేశారు. అదే బొమ్మని కొన్ని మార్పులతో ఆ ఏడే మెక్సికో సిటీలో బెయాస్ ఆర్టెస్ భవనంలో మళ్ళీ వేశాడు. అమ్ముడుపోయినవాడు లెనిన్‌ని తుడిచేసి ఆ తర్వాతి కాంట్రాక్టు కోసం చూసుకునేవాడు. ఆ గొడవతో షికాగోలో జనరల్ మోటార్స్ వాళ్ళు ఇవ్వాల్సిన పని నిజంగానే పోయింది ఆయనకి.

—

గోదారిగట్టు:

అందరికీ చాలా థాంక్సండీ. ఇన్ని విషయాలు వస్తాయనుకోలేదు. మావారికి మొత్తం చదివి వినిపించా. రాక్‌ఫెల్లర్ సంగతి దగ్గర కొంచెం మెత్తబడ్డారు, ఆకలి యాత్ర సంగతి దగ్గర మళ్ళీ గట్టిపడ్డారు. నాకైతే ఎర్రమట్టి గారు చెప్పిన మోకాళ్ళ విషయం తర్వాత ఆ బొమ్మ వేరేలా కనిపిస్తోంది.

ఇంకో ప్రశ్న అడగొచ్చా? ఇప్పటిదాకా చెప్పినవాళ్ళలో పని చేసేవాళ్ళంతా దాదాపు మగవాళ్ళే. పూల బొమ్మలో కూడా ఆమె వెనక నిలబడి సాయం చేసేదే. ఆడవాళ్ళ పనిని ఎలా వేశాడు ఈయన?

—

ఎర్రమట్టి:

మంచి ప్రశ్న అడిగారు. 1924లో వేసిన ‘పిండి విసిరే ఆమె’ వెతికి చూడండి, మెక్సికో సిటీలోని జాతీయ చిత్రకళా మ్యూజియంలో ఉంటుంది. ఒకావిడ మోకాళ్ళ మీద కూర్చుని మెటాటే మీద మొక్కజొన్న నూరుతుంటుంది. మెటాటే అంటే మన సన్నెకల్లు లాంటిదే, మూడు కాళ్ళుండి ముందుకి వాలి ఉంటుంది. సున్నపు నీళ్ళలో ఉడికించి నానబెట్టిన మొక్కజొన్నని దాని మీద నూరి ఆ ముద్దతో రొట్టెలు చేస్తారు. మిల్లులు రాకముందు పల్లెల్లో ఆడవాళ్ళకి రోజులో గంటలకి గంటలు దీనికే పోయేవి. బొమ్మలో ఆమె రెండు చేతులూ చాచి ఒంటి బరువంతా గుండ్రాయి మీద వేసి తోస్తుంటుంది. భుజాల దగ్గర్నుంచి మణికట్టు దాకా ఆ బలం కనపడుతుంది. పక్కన పెనం మీద రొట్టెలు. గది ఖాళీ. ఇంట్లో పని కూడా గని పనంత పనే అన్నట్టు అంతే బరువుగా వేశాడు.

పెద్ద గోడల్లో కావాలంటే 1945లో నేషనల్ ప్యాలెస్‌లో పూర్తిచేసిన ట్లాటెలోల్కో సంత బొమ్మ. స్పానిష్‌వాళ్ళు రాకముందు నాటి సంత అది, గింజలూ చేపలూ మూలికలూ అమ్మేవాళ్ళు కిటకిటలాడుతుంటారు. అందులో ఆడవాళ్ళు కూడా చాలామందే. దాన్ని నేను పూర్తిగా నమ్మను కానీ, ఆ కాలాన్ని మరీ చల్లగా, గొడవల్లేనట్టు వేశాడనిపిస్తుంది.

పూల సంగతి ఒకటి మర్చిపోయా. ఆయన బొమ్మల్లో తెల్లటి కాలా లిల్లీలు ఎక్కువ కదా, అవి అసలు దక్షిణాఫ్రికా మొక్కలు, మెక్సికోకి తర్వాత వచ్చినవే. నగరానికి పూలు సోచిమిల్కో వైపు నుంచి వచ్చేవి, నీళ్ళ మధ్య మట్టి పోసి చేసిన చినాంపా అనే మళ్ళలో పెంచి పడవల్లో కాలువ మీద తెచ్చేవాళ్ళు. పాలపిట్ట గారు చెప్పిన సాంతా అనీతా ఆ కాలువ పక్క ఊరే, ఈస్టర్‌కి ముందు అక్కడ పూల పండగ జరిగేది. కాబట్టి టూరిస్టుల కోసం ఊహించినవి కావు, ఆ పడవలూ ఆ గంపలూ ఆయన రోజూ చూసినవే.

—

పాలపిట్ట:

రోజూ చూసినవే, కాదనను. చూసినదాన్ని ఎన్నిసార్లు వేశాడు, ఎవరికి అమ్మాడు అన్నదగ్గరే నా తగవు. అది అలాగే ఉంది.

అయితే నన్ను పూర్తిగా ఒప్పించిన బొమ్మ ఒకటుంది, న్యాయంగా అది కూడా చెప్పాలి. 1931 చివర న్యూయార్క్ మోడరన్ ఆర్ట్ మ్యూజియం ఆయనకి పెద్ద ప్రదర్శన పెట్టింది. మెక్సికో గోడల్ని తీసుకురాలేరు కాబట్టి అక్కడే మ్యూజియంలో కూర్చుని మోసుకెళ్ళగలిగే ఫ్రెస్కోలు వేశాడు. న్యూయార్క్ చూశాక వేసినవి మూడు. ఒకదాంట్లో రోడ్డు తవ్వే డ్రిల్లు పట్టుకున్న కార్మికులు, ఒకదాంట్లో కరెంటు ప్లాంటు. మూడోది ‘స్తంభించిన ఆస్తులు’. మూడు పొరలుగా ఉంటుంది. పైన ఆకాశహర్మ్యాలు, కొన్ని అప్పటికింకా కొత్తవే. మధ్యలో ఉద్యోగం లేనివాళ్ళు రాత్రి పడుకునే పెద్ద షెడ్డు, లోపల మనుషులు వరసల్లో ఒకే తీరుగా పడుకుని ఉంటారు, ఒక గార్డు నిలబడి ఉంటాడు. అడుగున బ్యాంకు లాకర్ గది, బయట బెంచీ మీద తమ వంతు కోసం కూర్చున్న డబ్బున్నవాళ్ళు. పూలు లేవు, జడలు లేవు, ఎర్రజెండా కూడా లేదు. ఆ భవనాలు కట్టిన చేతులు ఇప్పుడు ఖాళీగా పడుకుని ఉన్నాయి, అంతే చెప్పాడు. పైగా వేసింది రాక్‌ఫెల్లర్ల అండ ఉన్న మ్యూజియంలో. సున్నం_ఇటుక గారి వాదనకి నాకు తెలిసి ఇదే బలమైన ఉదాహరణ.

—

నోవై_తెలుగు:

గోదారిగట్టు గారూ, మీవారు గట్టిపడటంలో తప్పేమీ లేదు, నాకూ ఆ గోడ ముందు నిలబడినప్పుడు ఆ ఐదుగురు గుర్తొస్తారు. దానికి ఇంకో వైపు కూడా ఉంది. 1933 మార్చిలో తెరిచినప్పుడు ఊళ్ళో ఒక పత్రిక ఆ బొమ్మలకి సున్నం కొట్టెయ్యాలని సంపాదకీయం రాసింది. పిల్లాడికి టీకా వేసే ప్యానెల్‌ని యేసు పుట్టుకలా వేశాడని మతపెద్దలు గొడవ చేశారు. ఎడ్సెల్ ఫోర్డ్ వెనక్కి తగ్గలేదు, జనం వేలల్లో వచ్చి చూశారు. 1950ల్లో కమ్యూనిస్టుల మీద వేట నడిచినప్పుడు మ్యూజియం వాళ్ళు హాలు బయట ఒక బోర్డు పెట్టారు, రివేరా రాజకీయాలు అసహ్యమైనవి గానీ బొమ్మలు గొప్పవి అని. అలా నిలబడ్డాయి.

మన దేశంవాళ్ళ సంగతి కూడా ఒకటి చెప్పేసి ఆపుతాను. విద్యామంత్రిత్వ శాఖ పై అంతస్తులో ‘మన రొట్టె’ అని ఒక ప్యానెల్ ఉంది, 1928 నాటిది. బల్ల చుట్టూ కుటుంబం, మధ్యలో ఒకాయన రొట్టె విరిచి పంచుతుంటాడు. ఆయన గదర్ పార్టీ మొదలుపెట్టినవాళ్ళలో ఒకడైన పాండురంగ ఖాన్‌ఖోజే అని చెబుతారు. వార్ధాలో పుట్టి, బ్రిటిష్‌వాళ్ళ నుంచి తప్పించుకుంటూ తిరిగి మెక్సికో చేరి, చాపింగో వ్యవసాయ కాలేజీలో మొక్కజొన్న మీద పరిశోధన చేశాడు. ఆ కాలేజీ ప్రార్థనా మందిరం గోడలు కూడా రివేరావే, అవి 1927లో పూర్తయ్యాయి. అలాగే మన చిత్రకారుడు సతీష్ గుజ్రాల్ 1952లో స్కాలర్‌షిప్ మీద మెక్సికో వెళ్ళి రివేరా, సికెయిరోస్‌ల దగ్గర పని నేర్చుకుని వచ్చాడు.

డెట్రాయిట్ వస్తే ముందు చెప్పండి. హాల్లో బెంచీలున్నాయి, కనీసం రెండు గంటలు పెట్టుకోండి. పైవాటికంటే ముందు అడుగున ఉన్న బూడిద రంగు ప్యానెళ్ళతో మొదలుపెట్టండి.